టిన్ ఎన్‌ఎంఆర్‌లో రెండు పీకులు వచ్చాయా? ఆ బ్యాచ్ పారబోయకండి

డైబ్యూటైల్ టిన్ ఆక్సైడ్‌నీ బెంజోయిక్ ఆసిడ్‌నీ టోలుయీన్‌లో రిఫ్లక్స్ చేస్తే (ఆవిరిని చల్లార్చి మళ్లీ ఫ్లాస్కులోకే పంపుతూ మరిగిస్తే) 119 టిన్ ఎన్‌ఎంఆర్‌లో (టిన్ ఆటమ్ చుట్టూ ఏముందో పీకుల రూపంలో చూపే పరీక్షలో) ఒకటి రావాల్సిన చోట రెండు పీకులు వచ్చాయి, సాంపుల్ పాడైనట్టేనా అని అడిగారు. పాడైపోయి ఉండకపోవచ్చు. పీహెచ్‌డీ రెండో ఏడాదిలో నాకూ అచ్చం ఇలాగే వచ్చింది. టెన్షన్‌లో బ్యాచ్ మొత్తం వేస్ట్ డబ్బాలో పోసేశాను. రెండోసారీ అవే రెండు పీకులు వచ్చేసరికి బుద్ధొచ్చింది.

ముందు మీ తూకం చూసుకోండి. ఒక గ్రాము ఆక్సైడ్‌కి ఆసిడ్ 0.98 గ్రాములు వేస్తే టిన్‌కి రెండు కార్బాక్సిలేట్లు (హైడ్రోజన్ పోగా మిగిలిన ఆసిడ్ భాగాలు) ఉన్న మామూలు కాంప్లెక్స్ వస్తుంది. దాని పీక్ మైనస్ 150 పీపీఎం (ఎన్‌ఎంఆర్‌లో పీక్ ఎక్కడుందో చెప్పే కొలత) దగ్గర ఒక్కటే. ఆసిడ్ అందులో సగమే పడితే డైస్టానాక్సేన్, అంటే టిన్‌లని ఆక్సిజన్ కలిపి ఉంచే కాంప్లెక్స్, తయారవుతుంది. దానికి మైనస్ 200, మైనస్ 230 మధ్య రెండు పీకులు, ఇంచుమించు సమానంగా ఉంటాయి. తూకం సరిగ్గానే ఉన్నా రియాక్షన్‌లో పుట్టే నీళ్లు సరిగా తీయకపోతే ఇటే జారే ప్రమాదముంది. గ్రాము స్కేల్‌లో డీన్-స్టార్క్‌లోకి (ఆ నీళ్లని పట్టే గాజు గొట్టంలోకి) వచ్చేది ఒకటి రెండు చుక్కలే. నేను అది చూసి రియాక్షనే జరగలేదనుకున్నాను! అక్కడ చూడాల్సింది ఫ్లాస్కుని. ఆక్సైడ్ టోలుయీన్‌లో కరగదు, సున్నం కలిపిన నీళ్లలా తెల్లగా ఉంటుంది. అది తేటపడితే పని జరిగినట్టే.

రెండు పీకులెందుకో నాకు క్రిస్టల్ స్ట్రక్చర్ చూశాకే అర్థమైంది. మధ్యలో రెండు టిన్‌లు, రెండు ఆక్సిజన్‌లతో ఒక చదునైన నాలుగు మూలల రింగు. ఆ ఆక్సిజన్ ఒక్కొక్కటీ బయట ఇంకో టిన్‌ని పట్టుకుని ఉంటుంది. మొత్తం నాలుగు టిన్‌లు, పక్కనుంచి చూస్తే నిచ్చెనలా కనిపిస్తుంది. లోపలి టిన్‌లకి ఒక పీక్, బయటి వాటికి ఒకటి. మాలిక్యూల్ నడుమ సాధారణంగా ఇన్వర్షన్ సెంటర్ (ఒక సగం రెండో సగానికి తిరగేసిన నకలుగా ఉండే బిందువు) ఉంటుంది, కాబట్టి మీరు రిఫైన్ చేయాల్సింది, అంటే డేటాకి సరిపోయేలా సర్దాల్సింది, సగమే.

ఇక క్రిస్టల్స్. డైక్లోరోమీథేన్‌లో కరిగించి కొంచెం హెక్సేన్ కలిపి, వయల్ మూతకి సూదితో రెండు చిల్లులు పెట్టి వదిలేయండి. నాకు మొదట జిగురే మిగిలింది. బ్యూటైల్ తోకలున్న వాటితో ఈ తిప్పలు మామూలే. మళ్లీ కరిగించి ఫ్రిజ్‌లో పెడితే తొమ్మిదో రోజుకి గాజుముక్కల్లాంటి పలకలు వచ్చాయి, అదీ పక్క బెంచీవాళ్లు వయల్ కదపకుండా చూసుకుంటేనే. ఎక్స్-రే డేటా 100 కెల్విన్ దగ్గరే తీయించండి. రూమ్ టెంపరేచర్‌లో తీస్తే బ్యూటైల్ చివరి కార్బన్లు ఫుట్‌బాల్ అంత ఎలిప్సాయిడ్లుగా (ఆటమ్ ఎంత కదులుతోందో చూపే గుడ్డు ఆకారాలుగా) ఉబ్బిపోయాయి, ఆ డిజార్డర్‌ని (ఒకే ఆటమ్ రెండు మూడు చోట్ల కనిపించడాన్ని) మోడల్ చేయడానికే నాకు వారం పట్టింది. చివర్లో ఎలక్ట్రాన్ డెన్సిటీ మ్యాప్‌లో టిన్‌కి ఆనుకుని ఒక ఎలక్ట్రాన్ పైచిలుకు పీక్ మిగిలితే దాన్ని హైడ్రోజన్ అనుకుని పేరు పెట్టకండి, ముందు ఆబ్సార్ప్షన్ కరెక్షన్ (క్రిస్టల్ పీల్చుకున్న ఎక్స్-రేలకి చేసే సవరణ) సరిగ్గా జరిగిందో లేదో చూడండి.