ఆ గొంతు ఏమంటోందో డాక్టరుకు చెప్పాలా?

ప్రశ్న: మేడమ్, మా తమ్ముడికి 23 ఏళ్లు. మాది మార్కాపురం దగ్గర పల్లె, ఎస్సీలం. హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి వెళ్తే, అక్కడి సూపర్‌వైజర్ అందరి ముందూ కులం పేరుతో తిట్టి వెళ్లగొట్టాడు. ఇంటికొచ్చాక నిద్ర లేదు. గోడ అవతల నుంచి ఎవరో అవే తిట్లు తిడుతున్నారంటాడు. ఓపీలో చూపిస్తే సైకోసిస్ అని మందులిచ్చారు, ఇప్పుడు కాస్త నయం. తిట్ల సంగతి చెప్పబోతే ‘అదంతా జబ్బు, పట్టించుకోవద్దు’ అన్నారు. మా మామయ్యేమో అవమానంతో వచ్చినదానికి మందులెందుకు, మాన్పించెయ్ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక అక్క

జవాబు: అమ్మా, మందులు మాత్రం మాన్పించకండి. నయమైంది కదా అని మధ్యలో ఆపేస్తే తిరగబెట్టే ప్రమాదం చాలా ఎక్కువ. తగ్గించాలన్నా డాక్టరే చూసుకుంటూ తగ్గించాలి.

అయితే ‘పట్టించుకోవద్దు’ అన్న మాటను నేను ఒప్పుకోను. గోడ అవతల మనిషి లేకపోవచ్చు, ఆ తిట్లు మీ తమ్ముడు చెవులారా విన్నవే. సైకోసిస్ అంటే లేని గొంతులు వినిపించడం, లేనిదాన్ని నిజమని నమ్మడం లాంటివి ఉండే జబ్బు. దానికి ఒక్కటే కారణమని చెప్పలేం. వంశంలో ఉండటం, గంజాయి, చిన్నతనంలో పడ్డ హింస, వివక్ష, ఇవన్నీ ముప్పును పెంచుతాయి. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ కరీబియన్ నల్లజాతి కుటుంబాల్లో ఈ జబ్బు తెల్లవాళ్లలో కంటే చాలా ఎక్కువగా కనిపిస్తోందని అక్కడి పరిశోధకులు దశాబ్దాలుగా చెబుతున్నారు. జాతివివక్షకు అందులో వాటా ఉందని వాళ్లలో చాలామంది అభిప్రాయం.

నా దగ్గరికి తాపీపని చేసే ఓ కుర్రాడు వచ్చేవాడు. ‘ఆ గొంతు నిన్ను ఏమని పిలుస్తుంది?’ అని అడిగితే తల వంచుకునేవాడు. ఒకరోజు అతని చూపు తలుపు దగ్గరున్న అటెండర్ మీదికి పోవడం గమనించాను. అటెండర్‌ది వాళ్ల ఊరే, పెద్దకులం. అతన్ని బయటికి పంపాక, కుర్రాడు ఓపీ చీటీ వెనక ఒక మాట రాసి నా వైపు జరిపాడు. ఆ మాట ఎవరన్నారు, అప్పుడు పక్కనున్నవాళ్లు ఏం చేశారు అని అప్పటినుంచి మాట్లాడుకున్నాం. చేతులు బిగుసుకుపోయి తాపీ పట్టుకోలేకపోతున్నానని కూడా అప్పుడే చెప్పాడు, మందు మార్చాం. గొంతు పూర్తిగా పోలేదు. అది తిట్టినప్పుడల్లా ‘ఇది ఫలానా మేస్త్రీ అన్న మాట, వాడన్నంత మాత్రాన నేను అలాంటివాణ్ణి అయిపోను’ అని తనకు తాను చెప్పుకుని పనికి వెళ్లగలిగాడు.

ఓపీలో సైకోసిస్‌కు న్యాయమైన వైద్యం అంటే ఇంత పని ఉంటుందమ్మా. రద్దీలో రెండు నిమిషాలు చూసే డాక్టరుకు నోటితో చెప్పడం కష్టం. తమ్ముణ్ణి అడిగి, అతను సరేనంటే, జరిగినదంతా నాలుగు లైన్లలో రాసి ఫైల్లో పెట్టించండి. పగలు మత్తుగా ఉంటోందా, చేతులు వణుకుతున్నాయా, అదీ రాయండి. సైకాలజిస్టు ఉంటే అక్కడికి పంపమని అడగండి.

మీరు రాయలేదు గానీ, ఇద్దరి బస్సు చార్జీలు, పోయిన కూలి కలిస్తే ఒక్క ఓపీకే ఎంతవుతుందో నాకు తెలుసు. మందులు ఆపేసినవాళ్లను మొండివాళ్లంటారు, చాలామంది ఆపేది చేతిలో డబ్బుల్లేకే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) నుంచి పైస్థాయి ప్రభుత్వాసుపత్రులన్నింటిలో అత్యావశ్యక మందుల జాబితాలోని మానసిక మందులు ఉచితంగా ఇవ్వాలి. వైద్యంలో కులవివక్ష చూపకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది. మీకు దగ్గర్లోని సీహెచ్‌సీలో అవే మందులు దొరికేలా రాసివ్వమని డాక్టర్ని అడగండి. మధ్యలో సందేహం వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

మీ మామయ్య కోపం న్యాయమైనదే. అందరి ముందూ కులం పేరుతో తిట్టడం 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. కానీ ఇప్పటికిప్పుడు తమ్ముణ్ణి స్టేషన్‌కు లాక్కెళ్లకండి. అతనికి నిద్ర కుదుటపడ్డాక, కేసు పెట్టాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి. ఈలోపు మీరు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, ఆలస్యమైతే ఇబ్బందేమైనా ఉంటుందేమో కనుక్కోండి. ఎస్సీలకు అక్కడ న్యాయసహాయం ఉచితం.