మీ వరికి జింకు లోపం లేదు, పెట్టిన నీళ్లలోనే ఉప్పుంది

ప్రశ్న: మాది కాలవ చివరి భూమి. బీపీటీ 5204 వరి నాటి 25 రోజులైంది. కాలవ నీరు అందక వారం నుంచి డ్రెయిన్‌లో ఇంజను వేసి తోడుతున్నాం. ఆకుల కొనలు తెల్లబడి ఎండుతున్నాయి, గట్ల వారన మరీ ఎక్కువ. షాపులో జింకు లోపమంటే రెండుసార్లు కొట్టాం, తగ్గలేదు. ఇప్పుడు జిప్సం వేయమంటున్నారు. వేయమంటారా?
– ఒక రైతు, నిజాంపట్నం మండలం

జవాబు: వేయొద్దు. జిప్సం పీహెచ్ (క్షారం కొలత) 8.5 దాటిన కారు చౌడుకు, అంటే క్షార నేలకు మందు. మీది పాల చౌడు, అంటే ఉప్పు నేల లక్షణం. జింకు లోపమైతే ముదురాకుల మీద తుప్పు మచ్చలు కనిపించాలి. మీరు పంపిన ఫొటోలో అవి లేవు, గట్టు వార తెల్లటి పొర మాత్రం ఉంది. ఆ ఉప్పు మీ ఇంజను తెచ్చిందే.

పైనుంచి కృష్ణ నీళ్లు దిగుతుంటేనే డ్రెయిన్ సముద్రం వైపు పారుతుంది. ఆ ఒత్తిడి తగ్గిందంటే పోటు వేళ సముద్రమే ఎదురెక్కుతుంది. సముద్ర మట్టం పెరుగుతోంది, డెల్టా నేల ఎత్తును నిలబెట్టే ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. వాన తీరూ మారింది: 2023లో సాగునీటికి కటకట, 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైమాటే వరద. అడ్డుగా ఉండే మడ అడవులను రొయ్యల, చేపల చెరువుల కోసం కొట్టేసిన చోట ఇబ్బంది ఇంకా ఎక్కువ.

వెంటనే ఇంజను ఆపండి. కాలవ వంతు రాగానే మడిలో నీరు పాటు (సముద్రం వెనక్కి తగ్గే) వేళ పూర్తిగా తీసేసి, మంచినీరు 5 సెంటీమీటర్లు పెట్టండి. 24 గంటలుంచి ఆ నీటిని బయటికి వదిలేయండి. ఇలా రెండు మూడుసార్లు చేయాలి. మధ్యలో మడి ఆరనివ్వకండి, ఆరితే ఉప్పు పైకి లేస్తుంది. ఆ తర్వాతే యూరియా, ఈ దఫా వేసేదానికి నాలుగో వంతు కలిపి. వచ్చే ఏడాది నాట్లకు ముందు పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి, ఎదిగాక కలియదున్నండి. ముదురు నారు, కుదురుకు నాలుగైదు మొక్కలు నాటండి.

నీళ్లు కొలవకుండా ఇంజను తిప్పడం మీ ప్రాంతంలో అలవాటైపోయింది. షాపతను సీసా అమ్ముతాడు గానీ నీళ్లు చూస్తాడా? నీటిలో ఉప్పు కొలిచే ఈసీ మీటరు నలుగురు కలిసి కొనుక్కోండి. నీటి ఈసీ మీటరుకు (పొడవు) 2 డెసీసైమన్ల లోపైతే వరికి ఫర్వాలేదు, 3 దాటితే దిగుబడి పడుతుంది, 5 దగ్గర సగానికి సగం పోతుంది. మీటరు దొరికేలోగా అర లీటరు నీరు, పదిచోట్ల జానెడు లోతున తీసి కలిపిన అరకిలో మట్టి పరీక్షకు ఇవ్వండి. నీటి సీసా మీద తేదీతో పాటు పోటులో పట్టిందో పాటులో పట్టిందో రాయడం మరవకండి.