లేనివి లెక్కపెట్టకండి: ఒక యువ రచయితకు లేఖ

ప్రియ మిత్రమా,

అకశేరుకాల మీద మీరు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మొదటిసారి చిరాకుపడి పక్కన పెట్టేశాను. "వెన్నెముక లేని అల్పజీవులు" అని మొదలుపెట్టి, స్పంజికకు నోరు లేదు, జెల్లీఫిష్‌కు మెదడు లేదు, బద్దెపురుగుకు జీర్ణనాళం లేదు, వానపాముకు కళ్లు లేవు అంటూ వరసగా రాసుకుపోయారు. ఇందులో ఒక్క మాటా తప్పు కాదు. కానీ మొదటి రెండు పేజీలు చదివేసరికి నా కళ్ల ముందు ఒక్క జీవి కూడా నిలబడలేదు.

ఈ విషయంలో నాది మొండిపట్టు అని అందరూ అంటారు. అయినా చెప్తాను. ఏ జంతువునైనా దానికి ఉన్నదానితోనే పరిచయం చేయాలి. "వెన్నెముక లేని జంతువులు" అన్న విభజనను 1801లో ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ తన పుస్తకం పేరులోనే పెట్టాడు, అప్పటికి అది ఉపయోగపడింది. కానీ అది ఒక వంశం పేరు కాదు, మనల్ని మధ్యలో నిలబెట్టి మిగిలినవారందరినీ ఒకే గంపలో వేసిన పేరు. పేరు పెట్టిన జంతుజాతుల్లో 95 శాతానికి పైగా ఆ గంపలోనే ఉన్నాయి. ఇంకా విచిత్రమేమిటంటే, అందులోనే ఉన్న సముద్ర నక్షత్రం వంశపరంగా నత్తకన్నా మనకే దగ్గరి చుట్టం. మీ వ్యాసంలో ఈ మాట ఎక్కడా రాలేదు.

స్పంజికనే తీసుకోండి. మీరు దానికి రెండు వాక్యాలిచ్చి దాటేశారు. దాని ఒంటినిండా సన్నని రంధ్రాలు, లోపల గదులు, ఆ గదుల గోడల మీద కొరడాలాంటి తోకను ఆడిస్తూ నీటిని లోపలికి లాగే కణాలు ఉంటాయి. ప్రతి తోక మొదట్లో చిన్న పట్టీలాంటి జల్లెడ ఉండి, నీటిలో కొట్టుకొచ్చే బాక్టీరియాను పట్టి ఆ కణానికి ఆహారంగా అందిస్తుంది. 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త సజీవమైన స్పంజికను సన్నని బట్టలోంచి పిండి కణాలుగా విడగొడితే, ఆ కణాలు పాకుతూ ఒకదాన్నొకటి చేరుకుని మళ్లీ స్పంజికగా ఏర్పడ్డాయి. ఇంత చేయగల జీవి గురించి "నోరు లేదు" అని రాసి ఊరుకుంటే ఎలా?

జెల్లీఫిష్ సంగతీ అంతే. దానికి మెదడు లేదన్నారు సరే, ఒళ్లంతా పరుచుకున్న నాడీవల ఉందని రాయలేదు. దాని బంధువైన హైడ్రా అనే చిన్న మంచినీటి జీవిలో కుట్టే కణం లోపలి ముల్లు బయటికి దూసుకురావడానికి సెకనులో పదిలక్షల వంతు కూడా పట్టదు. ఆక్టోపస్‌కు మూడు గుండెలని రాసి ఆశ్చర్యార్థకం పెట్టారు, కానీ వాటి పనిని చెప్పలేదు. రెండు గుండెలు మొప్పలకు, ఒకటి మిగతా శరీరానికి రక్తం పంపుతాయి. రాగి ఉన్న పదార్థం ఆక్సిజన్‌ను మోస్తుంది కాబట్టి ఆ రక్తం నీలంగా ఉంటుంది. సుమారు 50 కోట్ల నాడీకణాల్లో మూడింట రెండొంతులు దాని చేతుల్లోనే ఉన్నాయి. ఆశ్చర్యం కలిగించవలసింది ఈ అమరికే, దానికి విరామచిహ్నం తోడు అక్కరలేదు. "నమ్మలేని పది నిజాలు" అంటూ పత్రికలు నడిపిన ఫ్యాషన్ ఒక తరం రచయితలను ఈ ఆశ్చర్యార్థకాలకు అలవాటు చేసింది. దాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

నా మొదటి వ్యాసాల్లో ఒకటి సముద్ర నక్షత్రం మీద. దానికోసం ఒక గాజు తొట్టె ముందు మధ్యాహ్నమంతా కూర్చున్నాను. అది గాజు మీదికి ఎక్కినప్పుడు అడుగుభాగం నా కళ్లకు ఎదురుగా వచ్చింది. అయిదు చేతుల కింద గాడులు, ఆ గాడుల్లో వరసలుగా వందల నాళికాపాదాలు. ఒకటి గాజును పట్టుకుంటే పక్కది వదులుతోంది, ఇంకొకటి సాగి తడుముతోంది. కండరాలతోపాటు ఒంట్లో తిరిగే నీటి ఒత్తిడితో ఆ పాదాలు నడుస్తాయని తెలిశాక, ఆ ఒక్క దృశ్యానికే ఒక పేజీ రాశాను. సంపాదకుడు ఆ పేజీని "సాగదీత" అని కొట్టేసి, శీర్షికలో "నక్షత్ర చేప" అని అచ్చువేశాడు. అది చేప కాదన్నదే నా వ్యాసం మొదటి వాక్యం! ఆ కోత ఇన్నేళ్లయినా నాకు మానలేదు.

కీళ్లకాళ్ల జీవులకు మీరిచ్చిన పేరాను పూర్తిగా తిరగరాయాలి. పేరు పెట్టిన కీటకజాతులే సుమారు 10 లక్షలున్న ఆ వర్గాన్ని "ఆరు కాళ్లు, ఎనిమిది కాళ్లు, పది కాళ్లు" అన్న లెక్కతో సరిపెట్టారు. కైటిన్ అనే గట్టి పదార్థంతో అయిన కవచం వాటికి ఎముకల గూడు, చర్మం, ఆయుధం కూడా. కానీ ఒకసారి గట్టిపడ్డాక అది పెరగదు, అందుకే జీవి పెరగాలంటే కవచాన్ని పగలగొట్టుకుని బయటికి రావాలి. కొత్త కవచం గట్టిపడేదాకా పీత మెత్తగా, నిస్సహాయంగా నక్కి ఉంటుంది. ఆ భయం గురించి రాయండి. కాళ్ల లెక్క ఆ కథలో దానంతటదే వస్తుంది.

నత్తల గురించి, బల్లపరుపు పురుగుల గురించి మీరు రాసినవి బాగానే ఉన్నాయి.

ఇక రెండోసారి ఎందుకు చదివానో చెప్తాను. చివరి పేజీలో, వానపామును కాగితం మీద వదిలి చెవి దగ్గర పెట్టుకుంటే గరగరమని సన్నని చప్పుడు వినిపించిందని ఒక్క వాక్యం రాశారు. అది దాని శూకాల చప్పుడు. దాని ఒంటిలో ఉంగరాల్లా కనిపించే ఖండాల్లో దాదాపు ప్రతిదానిలోనూ ఉండే ఆ చిన్న ముళ్లను నేలలో గుచ్చి పట్టు తెచ్చుకుని, ఒంటిని సాచి, ముడిచి ముందుకు సాగుతుంది. ఆ వాక్యం చదివి లేచి వెళ్లి, వానపామును తెచ్చి, కాగితం మీద వదిలి నేనూ విన్నాను. ఎన్నో ఏళ్లుగా వానపాముల గురించి రాస్తున్నా ఎప్పుడూ ఆ పని చేయలేదు.

ఏ పత్రికకు పంపాలి, శాస్త్రీయ నామాలు ఎన్ని ఉంచాలి అన్న మీ ప్రశ్నలకు ఇప్పుడు జవాబు రాయలేను. వ్యాసాన్ని తిప్పి పంపుతున్నాను. వానపాము వాక్యం కింద ఎర్రగీత గీశాను. దాన్ని మొదటి పేజీకి తెచ్చి, అక్కడినుంచి మళ్లీ మొదలుపెట్టి పంపండి, చదువుతాను.

మీ శ్రేయోభిలాషి