బట్టీకి బయల్దేరే ముందు

అమ్మడూ,

అల్లుడు కూలీల్ని పనికి తీసుకెళ్ళే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడని, దీపావళి వెళ్ళగానే పెద్దపల్లి వైపు ఇటుక బట్టీకి పోతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వద్దనను. నేనూ పద్నాలుగు సీజన్లు ఆ బురద తొక్కినదాన్నే, ఈ రేకుల ఇల్లు ఆ డబ్బుతోనే లేచింది. కానీ ఒక్కటి అడుగుతాను, ఆ అడ్వాన్సు ఎవరి పేరున రాశారు?

అల్లుడి పేరే ఉంటుంది, నాకు తెలుసు. జోడీకి ఇంత అని ఇస్తారు, వెయ్యి ఇటుకలకి ఇంత అని కడతారు, పుస్తకంలో మాత్రం మగాడి పేరొక్కటే. తెల్లవారుజామున రెండింటికి లేచి మట్టి ముద్దలు చేసి అందించేది నువ్వు, ఇసుక చల్లేది నువ్వు, మర్నాడు ఆరిన ఇటుకల్ని తిప్పి పేర్చేది నువ్వు, మధ్యలో వంట, నీళ్ళు, పిల్లాడు. అచ్చు కొట్టేవాడి నడుమూ పోతుందిలే, కాదనను. కానీ నీ కష్టానికి లెక్కే ఉండదు. అందుకని బండెక్కకముందే మేస్త్రీతో ఇద్దరి పేర్లూ రాయించుకోండి. వెయ్యికి రేటెంత, వారం ఖర్చులకి ఎంత ఇస్తారు, వాన పడి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ నష్టం ఎవరిది, ఈ మూడూ అప్పుడే తేల్చుకోండి. అక్కడికెళ్ళాక అడిగితే ఎవరూ పలకరు.

మా మొదటి సీజన్లో ఏం జరిగిందో చెప్తాను. ఆరు నెలలు చేసి లెక్క అడిగితే మీరే ఇంకా ఆరు వేలు బాకీ అన్నాడు గుమస్తా. మా దగ్గర లెక్కేదీ? నోరు మూసుకుని వచ్చేశాం. పక్క గుడిసెలో ఒడిశా బలంగీర్ నుంచి వచ్చినావిడ మాత్రం రోజూ బొగ్గుతో గోడ మీద గీతలు గీసేది, చదువు రాదు ఆమెకి, వెయ్యికో గీత. మేం నవ్వుకునేవాళ్ళం. చివర్లో గుమస్తా తక్కువ చెప్తే చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళింది, గీతలు లెక్కపెట్టించి మరీ డబ్బు తీసుకుంది. నువ్వు పదో తరగతి దాకా చదివావు కదా. ఏ రోజు ఎన్ని కోశారు, ఎంత తీసుకున్నారు, నోట్‌బుక్‌లో రాసి వారానికోసారి గుమస్తా చేత సంతకం పెట్టించు, పెట్టకపోతే వాళ్ళ పుస్తకం పేజీని ఫోన్లో ఫొటో తీసుకో.

గుడిసె సంగతి. నడుం వంచి దూరాలి, ఎండాకాలం లోపల ఉండలేం. బాత్రూం ఉన్న బట్టీ నేను చూసింది ఒక్కటే. చీకటితో నలుగురు ఆడవాళ్ళు కలిసే వెళ్ళండి, ఒంటరిగా వద్దు. బయటికి పోవాల్సొస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు చాలామంది, నేనూ మానేశాను, మూత్రంలో మంటతో రెండేళ్ళు బాధపడ్డాను. నువ్వలా చెయ్యకు. మట్టికి వేళ్ళు పగులుతాయి, రాత్రి కొబ్బరినూనె రాసుకో. నెలసరి రోజుల్లో తల మీద ఇటుకల మోత ఎత్తకు, అల్లుడికి చెప్పు, సిగ్గేముంది.

పిల్లాణ్ణి బట్టీ దగ్గర వదలొద్దు, కింద నిప్పు ఉందని పైకి తెలీదు. దగ్గర్లో అంగన్‌వాడీ ఎక్కడుందో చేరిన రోజే కనుక్కో, వేరే ఊరి పిల్లలని తిప్పి పంపకూడదు. టీకాల కార్డు, ఆధార్లు వెంట ఉంచుకో, ఎవరికీ దాచమని ఇవ్వకు, మేస్త్రీకి అసలే ఇవ్వకు. రేషన్ కార్డు వేరే రాష్ట్రంలో పనిచేస్తుందో లేదో ఇక్కడి డీలర్ని అడిగి వెళ్ళు.

ఇంకోటి. బాకీ ఉంది, కదలొద్దు అంటే భయపడకండి. బాకీ చూపించి మనిషిని పనిలో కట్టేయడం 1976 నుంచీ నేరం. కలెక్టరు ఆఫీసుకి వెళ్ళొచ్చు, 112కి ఫోన్ చెయ్యొచ్చు, ఆడవాళ్ళకి 181 ఉంది. కొట్టినా, రాత్రిళ్ళు ఎవడైనా గుడిసె దగ్గర తచ్చాడినా ఇదే మాట.

నోట్‌బుక్ ఇక్కడే కొనుక్కో, అట్ట గట్టిగా ఉన్నది. పెన్సిల్‌తో రాయకు, ఎవరైనా చెరిపేయొచ్చు. మొదటి ఆదివారం లెక్కెంత వచ్చిందో నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ