రోమన్ కంచు నాణెం మీద అక్షరాలు అరిగిపోయాయి. అందులో ఉన్న దేవుడెవరో తెలిసేదెలా?

అక్షరాలు పోయినా ఫర్వాలేదు, ముఖం కూడా వదిలేయండి. చేతుల్లో ఏముంది, కాళ్ల దగ్గర ఏముంది, అదే చూడండి. గుళ్లో నెమలిని చూసి సుబ్రహ్మణ్యస్వామి అనేస్తాం కదా, ఇక్కడా అంతే. నేను ఇంగ్లండ్‌లో ఉంటూ కొన్నేళ్లుగా ఈ చిల్లర పోగేస్తున్నాను. నా దగ్గరున్నవాటిలో చాలావరకు ఇలా పోల్చుకున్నవే.

చక్రవర్తుల కాలపు నాణెమైతే బొమ్మ వైపు సాధారణంగా రాజకుటుంబమే ఉంటుంది, దేవుడి కోసం బొరుసు తిప్పాలి. తల చుట్టూ కిరణాలు, పైకెత్తిన కుడిచెయ్యి, ఎడమచేతిలో గోళం ఉంటే సూర్యుడు, అంటే సోల్. కాన్‌స్టంటైన్ క్రీ.శ. 310 ప్రాంతం నుంచి ఈ రకం లెక్కలేనన్ని కొట్టించాడు, అందుకే ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. క్రైస్తవాన్ని చేరదీసిన చక్రవర్తి కంచు మీద సూర్యుణ్ణి 318 దాకా వదల్లేదంటే నాకు భలే సరదా. పాదాల కింద పీ, ఎల్, ఎన్ అక్షరాలు మిగిలుంటే అది లండన్ టంకశాలది.

రాజదండం, కాళ్ల దగ్గర గద్ద ఉంటే జూపిటర్. పాములు చుట్టుకున్న కర్ర, డబ్బు సంచి ఉంటే మెర్క్యురీ. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: అదే కర్ర ఆడమనిషి చేతిలో ఉంటే ఆమె సాధారణంగా ఫెలిసిటాస్, అంటే సౌభాగ్యానికి ఇచ్చిన రూపం. త్రాసు పట్టుకున్నావిడ చాలావరకు ఎక్విటాస్, అంటే న్యాయబద్ధతకు రూపం. బొరుసు మీద కనిపించే స్త్రీలలో చాలామంది ఇలా సుగుణాలకు రూపాలే.

వెనక ఓడ ముందుభాగం కనిపిస్తే మాత్రం మీ అదృష్టం, అది చక్రవర్తులకు ముందు, గణతంత్రం నాటిది. అప్పుడు దేవుడే బొమ్మ వైపు ఉంటాడు. రెండు ముఖాలుంటే జానస్, నాణెం పేరు ఆస్. దాని విలువ 12 ఉన్సియాలు (ఉన్సియా అంటే అప్పటి చిల్లర లెక్క). చిన్న నాణేల మీద ఒక్కో చుక్క ఒక్కో ఉన్సియా. 4 చుక్కలుంటే మినర్వా, 3 ఉంటే హెర్క్యులిస్, 2 ఉంటే మెర్క్యురీ. తల పూర్తిగా అరిగినా చుక్కలు లెక్కపెట్టి దేవుణ్ణి చెప్పొచ్చు!

ఒక్క మాట, దయచేసి చింతపండుతో తోమకండి. పైనున్న ఆకుపచ్చ పొరలోనే సన్నని గీతలన్నీ ఉంటాయి, అది పోతే బొమ్మా పోతుంది. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే మాత్రం ఆ నాణేన్ని మిగతావాటికి దూరంగా, తడి తగలకుండా పెట్టండి. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు పడేలా రెండువైపులా ఫొటో తీసి, బరువు, వ్యాసం కూడా రాస్తే ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.