కంప్యూటర్ ఆగిపోయే ముందు రీడింగులు ఏం చెప్పాయో చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. పని మధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందనీ, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోందనీ, టెంపరేచర్ చూస్తే 45 డిగ్రీలే ఉంది కాబట్టి వేడి సమస్య కాదనీ రాశావు. అక్కడ ఒక్క నిమిషం ఆగమ్మా. ఆ 45 నువ్వు మళ్లీ ఆన్ చేశాక చూసిన అంకె. జ్వరం దిగాక థర్మామీటర్ పెట్టి చూసినట్టే అది. లోడ్ (పని భారం) పోయిన కొద్ది సెకన్లలోనే ప్రాసెసర్ బాగా చల్లబడిపోతుంది. మనకు కావాల్సింది ఆగిపోయే ముందు ఎంత ఉందన్నది.

అందుకే ముందు లాగింగ్ పెట్టు, అంటే రీడింగులు వాటంతటవే ఫైల్లో నమోదయ్యేలా చెయ్యి. విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే మానిటరింగ్ ప్రోగ్రాం వేసుకుని, సెన్సర్ల విండోలో లాగింగ్ బటన్ నొక్కితే రెండేసి సెకన్లకు ఒక వరుస చొప్పున రీడింగులన్నీ సీఎస్‌వీ అనే పట్టిక ఫైల్లో పడుతూ ఉంటాయి. మళ్లీ ఆగిపోయినప్పుడు ఆ ఫైల్ ఎక్సెల్‌లో తెరిచి కింది నుంచి పైకి చదువు. చివరి వరుస సగంలో తెగి ఉంటే వదిలెయ్. దాని పైనున్న ఇరవై, ముప్ఫై వరుసల్లోనే మనక్కావాల్సింది దొరుకుతుంది. రెండు మానిటరింగ్ ప్రోగ్రాములు మాత్రం ఒకేసారి నడపకు. రెండూ ఒకే సెన్సర్ చిప్‌ని అడుగుతుంటే తప్పుడు అంకెలు రావచ్చు.

వేడే కారణమైతే లాగ్‌లో దాని జాడ స్పష్టంగా కనబడుతుంది. టెంపరేచర్ పెరుగుతూ పోతుంది, హద్దు దగ్గర నిలబడుతుంది, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) కాలమ్‌లో ‘నో’ కాస్తా ‘యెస్’ అవుతుంది, క్లాక్ స్పీడ్ (ప్రాసెసర్ పనిచేసే వేగం) తగ్గుతుంది. అంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకుంటోందన్నమాట. ఆ హద్దు ఒక్కో చిప్‌కి ఒక్కోలా ఉంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు 100 డిగ్రీలు, ఏఎండీ వాళ్ల రైజన్ 7000 వరుసలో చాలావాటికి 95. పెద్ద లోడ్ మీద ఈ రైజన్లు 95కి చేరడం మామూలే, ఆ అంకె చూసి టెన్షన్ పడకు. స్పీడ్ తగ్గించుకున్నా వేడి ఆగకపోతేనే మెషీన్ ఆఫ్ అయిపోతుంది. లోడ్ పడీపడగానే ఒక్క ఉదుటున హద్దుకు చేరుతుంటే దుమ్ము కన్నా కూలర్‌నే ముందు అనుమానించు. అది సరిగ్గా కూర్చోలేదో, ఫ్యానో పంపో తిరగడం లేదో చూడు.

గ్రాఫిక్స్ కార్డుకైతే మామూలు టెంపరేచర్‌తో పాటు హాట్ స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడిగా ఉన్న చోటు) కూడా చూడాలి. రెండింటి మధ్య పది, ఇరవై డిగ్రీల తేడా సహజం. ఒకటి 70 దగ్గరుండి రెండోది 105 చూపిస్తుంటే చిప్‌కీ కూలర్‌కీ మధ్య రాసే థర్మల్ పేస్ట్ పని అయిపోయి ఉండొచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు ఫ్యాన్ సున్నా ఆర్పీఎం చూపిస్తే మాత్రం తప్పు పట్టకు, చాలా కార్డులు కావాలనే ఆపేస్తాయి.

ఇక అసలు చిక్కు అంతా, అన్నీ మామూలుగా ఉండగానే లాగ్ తెగిపోయినప్పుడు. ప్రాసెసర్ 62, కార్డు 66, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తర్వాతి వరుస లేదు. ఇలా కనబడితే వేడిని పక్కనపెట్టి పవర్ వైపు, మెమరీ వైపు చూడాలి. విండోస్ తన ఘటనలు రాసి చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఉంటుంది. అది చూసి పవర్ సప్లై పోయిందనుకుని కొత్తది కొనేసేవాళ్లు చాలామంది. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మెషీన్ మళ్లీ మొదలైందని తప్ప 41 ఇంకేమీ చెప్పదు. దాని వెంట డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ ఎర్రర్లు కూడా ఉంటే, హార్డ్‌వేరే తన తప్పును రిపోర్ట్ చేసిందని అర్థం. వాటిని రాసిపెట్టుకో.

పవర్ సప్లై నుంచి వచ్చే పన్నెండు వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, పవర్ సప్లైలకున్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం ఐదు శాతం అటూ ఇటూ. కానీ మదర్‌బోర్డు చూపించే వోల్టేజీని గుడ్డిగా నమ్మకూడదు. 12 ఉండాల్సిన చోట 8 చూపిస్తూ కంప్యూటర్ హాయిగా నడుస్తోందంటే తప్పు రీడింగుదే. అనుమానమొస్తే కంప్యూటర్ మొదలవుతుండగా తెరుచుకునే బయోస్ సెట్టింగుల్లో చూసుకో, లేదా మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లతో కొలిపించు. నేనైతే అంకె ఎంతన్నదాని కన్నా అది లోడ్‌తో ఎలా కదులుతోందో చూస్తాను. ఖాళీగా 12.1 ఉండి, లోడ్ పడగానే 11.5కి జారి, అక్కడే తెగిపోతుంటే పవర్ సప్లై మీద అనుమానం గట్టిపడుతుంది. అయితే అంకె నిలకడగా ఉంది కదా అని దాన్ని పూర్తిగా వదిలెయ్యకూడదు. మిల్లీసెకన్లలో వచ్చిపోయే కుంగు రెండు సెకన్లకోసారి తీసే రీడింగుకు చిక్కదు. వేరే పవర్ సప్లై పెట్టి చూడటమే నమ్మకమైన పరీక్ష. ఎట్టి పరిస్థితుల్లోనూ దాని డబ్బా విప్పకు. ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మౌస్ కదులుతూనే ఉండి ఏదీ తెరుచుకోకపోతే, డిస్క్ వాడకం నూరు శాతం చూపిస్తూ వేగం సున్నాకు దగ్గరగా ఉంటే, డిస్క్‌ని చూడు. డిస్క్ తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రీడింగుల్లో 05, సీ5 (పాడైన, పాడవుతున్న సెక్టార్ల లెక్కలు) పెరుగుతుంటే మిగతా పరీక్షలన్నీ ఆపేసి ముందు నీ ఫైళ్లు వేరేచోటికి కాపీ చేసుకో. సీ7 (డేటా రాకపోకల్లో వచ్చిన తప్పుల లెక్క) పెరుగుతుంటే చాలాసార్లు తప్పు డిస్క్‌ని బోర్డుకు కలిపే సాటా కేబుల్‌దే. ఆ లెక్క కేబుల్ మార్చాక కూడా తగ్గదు. ఇవాళ ఎంతుందో రాసుకుని, వారం తర్వాత పెరిగిందో లేదో చూడాలి.

మెమరీ తప్పు ఏ టెంపరేచర్‌లోనూ కనబడదు. బయోస్‌లో ఎక్స్ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ (మెమరీని మామూలు కన్నా వేగంగా నడిపే సెట్టింగులు) ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి కొన్నాళ్లు వాడి చూడు. రాత్రికి మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెట్టి పడుకో. ఒక్క ఎర్రర్ వచ్చినా సర్దుకుపోవద్దు. ఏది మార్చినా ఒక్కటే మార్చి, మళ్లీ నడిపి చూశాకే రెండోదాని జోలికి వెళ్లు. ఫ్యానూ, మెమరీ సెట్టింగూ ఒకేరోజు మార్చేస్తే ఏది కుదిర్చిందో నీకెప్పటికీ తెలియదు.

ఇంకో మాట. లిస్టులో ఎక్కడో 127 డిగ్రీలనో, మైనస్ 55 అనో కనబడి, ఎంతసేపటికీ కదలకపోతే పట్టించుకోకు. అక్కడ సెన్సరే కలిపి ఉండదు.

ఈసారి ఆగిపోయినప్పుడు లాగ్‌లో చివరి యాభై వరుసలు, ఆ టైముకు ఏం నడుస్తోందో, స్క్రీన్ బిగుసుకుందో నల్లబడిందో నీలం తెర వచ్చిందో రాసి పంపు. నీలం తెర వస్తే దాని మీదున్న కోడ్ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టు. అప్పటిదాకా ఏమీ కొనకు.

ఇట్లు,
మామయ్య