కుండ దగ్గర మనుషులు నిలవాలంటే

మీ పూతరేకుల యూనిట్‌లో పన్నెండు మంది ఆడవాళ్ళుంటే సంక్రాంతి ముందు నలుగురు వేరే షాపుకి వెళ్ళిపోయారని, రేటు పెంచినా రావట్లేదని రాశారు కదండీ. మాదీ ఆత్రేయపురం దగ్గరే, ఇదే పని. రెండేళ్ళ కిందట నాకూ ఇలాగే అయింది.

ముందు ఒక పూట కుండ దగ్గర మీరే కూర్చోండి. బోర్లించిన కుండ కింద మంట, మొహం మీదికి పొగ, పల్చటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి వెయ్యడం, తియ్యడం. నేను గంట ఉండలేకపోయాను. ఆ వారమే పొగగొట్టం పెట్టించాను. విరిగిన రేకులకి కూలి కొయ్యడమూ మానేశాను. పిండి జారుగా కలిపింది నేనైతే వాళ్ళ డబ్బులెందుకు తెగాలి?

అసలు చిక్కు వానాకాలం. గిరాకీ పడగానే మనం పని ఆపేస్తాం, వాళ్ళు రొయ్యల షెడ్లకి వెళ్ళి అక్కడే ఉండిపోతారు. వారానికి నాలుగు రోజుల పని ఖాయం చెయ్యండి, శనివారం సాయంత్రానికి డబ్బు చేతిలో పెట్టండి. అడ్వాన్సులిచ్చి కట్టెయ్యాలని మాత్రం చూడకండి, అది తీరిన మర్నాడే పోతారు.

మొన్నటిదాకా మీ దగ్గర పది మంది దాటి ఉన్నారు కాబట్టి ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) సంగతి ఆడిటర్‌ని అడగండి. నెల జీతం 21 వేలు మించనివాళ్ళకి యజమాని వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. ఇంట్లోవాళ్ళకీ వైద్యం ఉంటుందని తెలిశాక మా దగ్గర ఇద్దరు వెళ్ళడం మానుకున్నారు.

ఇంకోటండీ, కొత్తవాళ్ళకి నేర్పే పెద్దావిడకి ఆ నెలంతా కూలి విడిగా ఇవ్వండి. తన రేకులు తగ్గిపోతాయంటే ఎవరూ నేర్పరు.